మూసిన చక్రం

పర్సిస్ రెంచ్‌లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దేస్తోంది. చచ్చిపోయినవాళ్ళ బట్టలు మడత పెట్టినట్టు, చప్పుడు లేకుండా.

సైలస్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని గరాజ్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"అవెందుకమ్మా సర్దుతున్నావు?"

"ఎల్విన్‌కి ఇచ్చేస్తాను. షాప్‌లో ఎవరికైనా యూజ్ అవుతాయి."

"ఫోన్ చేశావా ఆయనకి?"

"లేదు. ఈవినింగ్‌లోపు చెప్పమన్నాడు. రానని చెప్తాను." కూతురు తల ఎత్తలేదు. "బ్రేక్ ఫెయిల్ అయిన కార్ కట్టినదాన్ని బ్రేకుల జాబ్‌కి ఎలా వెళ్తాను డాడీ?"

సైలస్ దగ్గర జవాబుంది. లాప్‌టాప్‌ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

పాత కార్లను ఎముకల దాకా విప్పి, లోపల కొత్త ఇంజన్ పెట్టి హాట్ రాడ్లుగా నిలబెట్టే ముసలాయన ఎల్విన్. పక్క ఊరు స్ప్రింగ్‌డేల్‌లో షాపు. "నీ కారు నువ్వే కట్టుకుని నువ్వే నడుపుకుంటూ నా దగ్గరికి రా, బ్రేకుల పని నీకే ఇస్తాను" అని పర్సిస్‌కి మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే బతికింది పిల్ల. తల్లి నర్సింగ్ కోర్సు కాగితాలు తెచ్చి బల్ల మీద పెడితే వాటి మీద బోల్టులు ఆరబెట్టుకుంది.

ఇప్పుడా కారు, పంతొమ్మిది వందల ముప్పై నాలుగు మోడల్ ఫోర్డ్ కూపే, గరాజ్ మధ్యలో మూతి వాచిన మనిషిలా ఉంది. వారమంతా టో కంపెనీ యార్డులో పడున్నదాన్ని ఈ శనివారం పొద్దున్నే టో ట్రక్కువాడు తెచ్చి దింపిపోయాడు. ఎడమవైపు ముందు చక్రం అంచు చీలిపోయింది.

పోయిన ఆదివారం జరిగినదాన్ని సంఘమంతా చూసింది. బెంటన్‌విల్ తెలుగు సంఘం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చిని అద్దెకు తీసుకుంటుంది. దాని పార్కింగ్‌లో కారుకి ప్రతిష్ఠ ప్రార్థన అయింది. అందరి భోజనాలూ అయ్యాక పర్సిస్ ఎక్కి వాలులోకి దిగింది. బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. జారుకుంటూ పోయి వీల్‌చైర్ల కోసం కట్టిన ర్యాంపు గోడను గుద్దింది. పక్కకు దూకబోయి సంఘ పెద్ద రవికుమార్ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎవరో తీసిన వీడియో సాయంత్రానికి అమెరికాలో తెలుగువాళ్ళుండే ఆష్‌బర్న్ దాటింది, డబ్లిన్ దాటింది, తెల్లారేసరికి తెనాలి చేరింది. దానికో పేరు కూడా పెట్టారు. ఆడపిల్ల బ్రేకులు.

పేరు పెట్టినవాళ్ళంతా ఇంజనీర్లే. బండి కింద పడుకుని ఒక్కసారి పైకి చూసిన మొహం వాళ్ళలో ఒక్కటి లేదు.

వంటింట్లో అతని భార్య ఎలీనా ఫోన్ స్పీకర్లో పెట్టి కూర తరుగుతోంది. అవతల రవికుమార్ భార్య రేష్మ. మధ్య తలుపు తెరిచే ఉంది. ప్రతి ముక్కా గరాజ్‌లోకి వస్తోంది.

"పర్సిస్‌ని మేమేం అనట్లేదు వదినా. చిన్నపిల్ల, దానికేం తెలుసు. మా ఆయన కట్టుకాలు సోఫా మీద పెట్టుకుని దానికోసమే ప్రార్థన చేస్తున్నారు."

"మీ మంచితనం రేష్మా."

"కాకపోతే సైలస్ అన్నయ్యగారు ఆలోచించాలి కదా. కోడింగ్ నేర్పిస్తాం, పియానో నేర్పిస్తాం. ఆడపిల్లకి బ్రేకులు బిగించడం ఎవరైనా నేర్పిస్తారా? దేవుడి దయ, కాలితో పోయింది."

"నిజమే. అది మానేస్తానంటోందిలే. నర్సింగ్‌లో చేరుతుంది."

పర్సిస్ చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

సైలస్ లోపలికి వెళ్ళి, ఆ ఫోన్ లాక్కుని ఒక్క మాట చెప్పాల్సిన క్షణం అది. ఆ మాట అతని దగ్గర వారంగా తయారుగానే ఉంది.

నూనె పోసింది నేను.

కొత్త బండికి కొందరు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. సైలస్ వాళ్ళ సంఘంలో నూనె రాసి ప్రార్థన చేస్తారు. పాస్టరు పాపయ్య అయ్యగారు వేలి కొసన ఒక్క బొట్టు తీసుకుని బానెట్ మీద అద్ది, ఆమెన్ అనేసి ఊరుకున్నాడు. జనమంతా బిర్యానీ వరసలోకి పోయారు. సైలస్ పోలేదు. అతనూ కొత్తగా సంఘ పెద్ద అయిన మనిషే, ఆ వేడి ఇంకా దిగలేదు. తల్లి జ్ఞానమ్మ తెనాలి కూటాల్లో ప్రార్థన చేయించి తెచ్చుకున్న కొబ్బరినూనె సీసా అతని చేతిలోనే ఉంది. తిరిగేవి చక్రాలు, దీవెన బానెట్‌కా అనుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ముందు చక్రాలు రెండింట్లోకీ, ఆకుల సందుల్లోంచి ఒలకబోశాడు. సీసా అయిపోబట్టి వెనక చక్రాలు బతికాయి.

ఎడ్లబండి చక్రానికి ఆకులున్నట్టే ఆ మ్యాగ్ చక్రానికి ఐదు ఆకులు. వాటి సందుల్లోంచి కనపడే ఇనప పళ్ళెమే బ్రేకు డిస్క్. ఆ సంగతి అతనికి కారు గోడను గుద్దిన చప్పుడుతో తట్టింది.

అతని ఉద్యోగం ఏమిటో తెలుసా? బెంటన్‌విల్‌లోనే ఉన్న పెద్ద దుకాణాల కంపెనీ హెడ్డాఫీసులో ఏ సిస్టమ్ కుప్పకూలినా అసలు కారణం వెతికి పట్టుకోవడం. ఈ కారణాన్ని వెతకాల్సిన పని కూడా లేకపోయింది. అయినా చెప్పలేదు. మొదట భయపడి చెప్పలేదు. తరవాత సిగ్గుపడి చెప్పలేదు. ఆ తరవాత, ఇన్నాళ్ళూ చెప్పలేదు కాబట్టి చెప్పలేదు.

పరువు చాటున దాక్కునే మగాడికి చోటు ఎప్పుడూ ఇంట్లోనే దొరుకుతుంది. ఆడపిల్ల వెనక.

"ఇలా రా. చక్రాలు చూద్దాం," అన్నాడు, స్టూలు మీద లాప్‌టాప్ తెరిచి. అతనికి చేతనైన ప్రాయశ్చిత్తం అది.

"ఎందుకు?"

"ఒకటి చీలింది కదా. ఆ మోడల్ ఇప్పుడు చెయ్యట్లేదట. నాలుగూ మార్చేద్దాం."

"నాకొద్దు డాడీ."

"నాకు కావాలి. ఇదెలా ఉంది చెప్పు."

పర్సిస్ చూడకూడదనుకుంటూనే ఒక కన్ను వేసింది. "అవి పికప్ ట్రక్కులకి."

"ఇవో?"

"క్రోమ్. నో."

"తళతళలాడుతున్నాయి కదే."

"అదే ప్రాబ్లమ్. ఈ కార్‌కి అంత షైన్ ఉండకూడదు." గుడ్డ పక్కన పడేసింది. "ఫస్ట్‌లో మ్యాగ్ వీల్స్ రేస్ కార్లకే ఉండేవి. వెయిట్ తగ్గాలని మెగ్నీషియంతో పోసేవాళ్ళు. కలర్ డల్‌గా, గ్రేగా ఉండేది. ఇప్పుడు చేసేవి అల్యూమినియమే. కానీ ఆ పాత లుక్ ఉండాలి. స్క్రోల్ చెయ్. ఇంకా కిందకి. స్టాప్."

తెర మీద ఐదు ఆకుల చక్రం. ఆకులు బూడిద రంగు, అంచు మాత్రం సానపట్టిన వెండిలా ఉంది.

"ఇదా? అంట్లు తోమకుండా వదిలేసిన దాకలా ఉంది."

"ఎగ్జాక్ట్‌లీ," అంది పర్సిస్. "అంచు ఒక్కటే తోమాలి. మిగతా దాకని అలాగే వదిలెయ్యాలి."

"మీ అమ్మ ఇంట్లో అలా వదిలేస్తే ఒప్పుకుంటుందా?"

పర్సిస్ నవ్వింది. కారు గుద్దిన తరవాత అదే మొదటి నవ్వు. స్టూలు దగ్గరికి జరిగి మౌస్ తనే తీసుకుంది. ముందు చక్రాలు చిన్నవి పెట్టాలట, వెనకవి పెద్దవి. అప్పుడే కారు ముందుకు ఒంగి పరుగు అందుకోబోతున్నట్టు కనపడుతుందట. ఐదు ఆకులైతే బాగుంటుందా, కోడిగుడ్డు ఆకారపు కన్నాలున్నవైతే బాగుంటుందా అని తనలో తనే వాదించుకుంది. కన్నాలవి బీచ్ బండ్లకి నప్పుతాయని తోసేసింది. దాని మాటల్లోకి పాత వేగం వచ్చేసింది.

సైలస్ ఆ వేగాన్ని చూశాడు. తను చంపుతున్నది దీన్నే అని తెలిసింది. తెలిసీ, మౌస్ అందుకుని పేజీ మార్చాడు.

"వీటిని చూడు. సందులే లేవు. నున్నగా పళ్ళెంలా మూసేసి ఉన్నాయి. ఇవి పెడదాం."

"అవా? అవి ఉప్పు మైదానాల్లో స్పీడ్ రికార్డ్‌కి వెళ్ళే కార్లకి. రోడ్డు మీద బ్రేక్‌కి గాలి తగలాలి కదా."

"దుమ్ము పడదు."

"దుమ్ము పడితే ఏమైంది?"

"ఏదో ఒకటి పడొచ్చు."

"ఏదో ఒకటి అంటే?"

సైలస్ తెర వైపే చూస్తున్నాడు. "నాకివే నచ్చాయి. మూసినవే పెట్టించుకో."

పర్సిస్ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. మొహంలోంచి వేగం దిగిపోయింది.

"అర్థమైంది," అంది. "నా బ్రేకులు బయటికి కనపడకూడదు. మళ్ళీ చర్చ్‌కి వెళ్తే ఎవరూ చూడకూడదు. అంతే కదా డాడీ?"

"అది కాదు."

"నీకు కూడా సిగ్గుగా ఉంది. నేను చేసిన పనంటే నీక్కూడా సిగ్గే."

"కాదంటున్నాను కదా పర్సిస్."

"మరి ఎందుకు?"

తలుపు దగ్గర ఎలీనా వచ్చి నిలబడింది, చేతిలో చాకు ఇంకా ఉంది. "దాన్ని రెచ్చగొట్టకండి. నాలుగు నోళ్ళు ఇంకా మూతపడనే లేదు, తండ్రీకూతుళ్ళు కలిసి షాపింగ్. మూసినవే పెట్టు పర్సిస్. కనపడకపోతేనే మంచిది."

"నువ్వు ఊరుకో ఎలీనా," అన్నాడు సైలస్. పెళ్ళాం మీద అరవడానికి అతని గొంతు బాగానే లేచింది.

 బయట ఎవరో రాలిన ఆకులు ఊడ్చే యంత్రం ఆన్ చేశారు.

"సరే," అంది పర్సిస్. ఏడుపు రాకుండా పళ్ళు బిగబట్టింది. "ఏ వీల్ ఆర్డర్ పెట్టినా మెజర్‌మెంట్ కావాలి. వీల్ ఎంత లోపలికి కూర్చుంటుందో చూడాలి. లేకపోతే మడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది."

"ఆ కొలతలు వెబ్‌సైట్‌లో ఉంటాయిగా."

"ఈ కార్‌వి ఉండవు. ముందు ఆక్సిల్ నేను మార్చాను." జాకీ లాక్కొచ్చింది. "చీలినదాన్ని కొలిస్తే తప్పొస్తుంది. కుడి వైపుది తీస్తాను. కొలిచి నీకు చెప్తా. నీకు నచ్చినవి పెట్టుకో. తర్వాత అమ్మేసుకో."

"ఇప్పుడొద్దమ్మా. రేపు చూద్దాం."

"రేపటికి రెంచ్‌లు ఉండవు."

పెట్టెలోంచి మళ్ళీ ఒకటి తీసింది. సైలస్ ముందుకో అడుగు వేశాడు, ఆగాడు. కూతురి చెయ్యి పట్టుకుని ఆపేవాడికి కారణం చెప్పాలి. నట్లు ఒకటొకటిగా వదులయ్యాయి. చక్రం బయటికొచ్చింది.

పర్సిస్ దాన్ని నేల మీద వెల్లకిలా పడేసి, స్కేలు అడ్డంగా పెట్టి ఒంగింది. ఒంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

చక్రం లోపలి గోడ మీద తెల్లటి చారలు. మైనం కారి గడ్డకట్టినట్టు ఉన్నాయి. ఆదివారం నాటి ఎండ పోయి అక్టోబరు చలి దిగింది, పైగా కారు వారమంతా యార్డులో ఆరుబయట. పిల్ల కారు వైపు తిరిగింది. డిస్కుని రెండు వైపులా పట్టే క్యాలిపర్ అంచున అదే తెలుపు. ప్యాడ్ల సందులో అదే. గోటితో గీకింది. వేళ్ళ మధ్య అది కరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మామ్," అంది నెమ్మదిగా. "ఇలా రా. స్మెల్ చూడు."

ఎలీనా ఒంగి చూసింది. తెలుగు ఇంట్లో పుట్టిన ఆడదానికి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. "కొబ్బరినూనె."

"బ్రేక్ మీద."

"బ్రేక్ మీదకి కొబ్బరినూనె ఎలా వస్తుందే?"

పర్సిస్ వినలేదు. చీలిన చక్రం వైపు పరిగెత్తి, టార్చి పెట్టి సందుల్లోంచి చూసింది. అక్కడా అదే. నేల మీద కూలబడిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ముందు ప్యాడ్స్‌కి ఆయిల్ తగిలితే ఎంత తొక్కినా పట్టదు, వాలులో వెనక బ్రేకులొక్కటే సరిపోవు. నా బ్రేక్స్ కాదు మామ్. నా తప్పు కాదు. ఎక్కడ తప్పు చేశానో వారమంతా బుర్రలోనే ఒక్కో బోల్టూ విప్పి వెతికాను. దొరకలేదు. దొరకలేదంటే నాకు అసలు పనే రాదనుకున్నాను."

సైలస్ గోడకు ఆనుకున్నాడు. ఇప్పుడు చెప్తే సగం సిగ్గుతో పోతుంది అనుకున్నాడు. చెప్పడానికి ఊపిరి తీసుకున్నాడు కూడా.

ఎలీనా అప్పటికే లోపలికి కేకేసింది. "అత్తయ్యా, ఒకసారి ఇలా వస్తారా. మీ ప్రార్థన నూనె సీసా ఆదివారం ఖాళీగా ఇంటికొచ్చింది. ఎలా అయిపోయింది?"

జ్ఞానమ్మ ఉన్ని టోపీ సర్దుకుంటూ వచ్చింది. నేల మీదున్న చక్రాన్ని చూసింది. తెల్లటి చారలు చూసింది. మనవరాలి మొహం చూసింది. కొడుకు వైపు మాత్రం చూడలేదు.

"నేనే పోశానమ్మా," అంది.

"మీరా?"

"తిరిగేవి చక్రాలు, దీవెన వాటికి కదా కావాలి అనుకున్నాను. ముసలి బుద్ధి."

సైలస్ తల ఎత్తాడు. అవి తన మాటలు. ఆ రోజు చక్రం ముందు మోకరించి, కళ్ళు మూసుకుని, పైకే గొణుక్కున్న మాటలు. వెనక నిలబడి విన్నదన్నమాట. వారమంతా ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, విన్నదాన్ని మింగి కూర్చుందన్నమాట.

ఎలీనా చాకు పక్కన పెట్టింది. వారం రోజుల కోపం ఒక్కసారి బయటికొచ్చింది. "మీ భక్తి తగలెయ్య. పిల్ల సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్ళయిందో చూశారా? ఊరంతా దాని పేరు పెట్టుకుని నవ్వుతుంటే, అది ఎదురుగా ఏడుస్తుంటే, మూలన కూర్చుని పాటల పుస్తకం తిరగేశారే. మీకు నోరెలా రాలేదు అత్తయ్యా?"

"తప్పే తల్లీ."

"తప్పే అంటే సరిపోతుందా?"

జ్ఞానమ్మ తల వంచుకుంది. కోడలి మాటలు ఆ వంచిన తల మీద పడుతుంటే సైలస్ నిలబడి విన్నాడు. ఒక్కో మాటా తనకు రావాల్సిందే. ఒక్కటైనా చెయ్యి చాపి అందుకోలేదు.

"మామ్, స్టాప్," అంది పర్సిస్. లేచి వెళ్ళి నానమ్మ చేతులు పట్టుకుంది. "తనకి బ్రేక్ గురించి తెలీదు కదా. నాకు కోపం లేదు నానమ్మా. ప్రామిస్. కానీ రేపు చర్చ్‌లో సాక్ష్యాల టైమ్‌లో లేచి ఇది చెప్తావా? అందరి ముందు. రేష్మ ఆంటీ ముందు. నేను ఎల్విన్‌కి వస్తానని చెప్పుకుంటాను."

"చెప్తానమ్మా."

"ఏం చెప్తే ఏం లాభం?" అంది ఎలీనా. "మనవరాలి కోసం ముసలావిడ తన మీద వేసుకుంటోంది అంటారు. నమ్మాలంటే పక్కన చూసినవాళ్ళు ఉండాలి."

పర్సిస్ ఆలోచించింది. మొహం విప్పారింది. తండ్రి వైపు తిరిగింది.

"డాడీ, నువ్వు అక్కడే ఉన్నావు. ప్రేయర్ అయ్యాక నువ్వూ నానమ్మా కారు దగ్గరే ఉండిపోయారు. నానమ్మ పోయడం నువ్వు చూశావా?"

గరాజ్‌లో ముగ్గురు ఆడవాళ్ళు. తల్లీకూతుళ్ళు అతని నోటి వైపే చూస్తున్నారు, జ్ఞానమ్మ నేల వైపు. అబద్ధమాడాల్సిన పని కూడా లేదు, చూడలేదంటే చాలు. నిజం చెప్పాలన్నా చిన్న మాటే.

"చూశాను," అన్నాడు సైలస్.

గొంతు ఎంత మామూలుగా వచ్చిందంటే అతనికే అసహ్యం వేసింది.

జ్ఞానమ్మ అప్పుడు చూసింది కొడుకు వైపు. నింద తన మీద వేసుకోవడం ఆమె ఇష్టం. కొడుకే ముందుకొచ్చి దాని మీద వేలిముద్ర వేస్తాడని ఆమె అనుకోలేదు. మనవరాలి చేతుల్లోంచి తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"థాంక్ గాడ్," అంటోంది పర్సిస్. "అయితే రేపు నానమ్మ తర్వాత నువ్వు లేచి..."

మాట మధ్యలో ఆగింది. నుదురు ముడిపడింది. నట్టు ఎక్కడో సరిగ్గా కూర్చోలేదని అనుమానం వచ్చినప్పుడు పిల్ల మొహం అలాగే ఉంటుంది.

"డాడీ. ఎప్పుడు చూశావు?"

"అదే. ప్రార్థన అయ్యాక."

"అంటే సండే. కార్ గుద్దకముందు."

"ఊఁ."

పర్సిస్ అతని దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులకు నూనె అంటుకునే ఉంది. గొంతు పెంచలేదు.

"ఎక్కడ తప్పు చేశానో చెప్పు డాడీ అని రోజూ నిన్నే అడిగాను," అంది. "రోజూ నీకు తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదు?"